కంప్యూటర్‌లో ఏ భాగం మార్చాలి?



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే పాఠం ఏదైనా రాసివ్వమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. కవిత రాయడం నాకు చేతకాదు. ఎంసీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను కాబట్టి కంప్యూటర్ గురించే రాస్తున్నాను. అది కూడా పుస్తకంలోని కంప్యూటర్ గురించి కాదు, మన స్టడీ హాలు పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల మీద ఉన్న కంప్యూటర్ల గురించి.

2025 ఆగస్టులో పాత విద్యార్థుల సమావేశం జరిగినప్పుడు అన్నలంతా కలిసి 14,000 రూపాయలు పోగుచేశారు. పిల్లలకు ఒక కొత్త కంప్యూటర్ కొనిపెట్టాలని వాళ్ల ఆలోచన. నేను లేచి "కొత్తది వద్దన్నా, ఉన్న మూడింటినీ అప్‌గ్రేడ్ చేద్దాం" అన్నాను. నలుగురైదుగురు నావైపు అనుమానంగా చూశారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ మూడూ ఒక ఆఫీసువాళ్లు పాతబడ్డాయని మనకు ఇచ్చేసినవి. అందులో ఒక్కటే పనిచేస్తోంది. అది కూడా స్విచ్ వేసి మెస్సులో టీ తాగి వచ్చేసరికి తెరుచుకునేది. స్కాలర్‌షిప్ రెన్యువల్, పరీక్ష ఫీజు, హాల్‌టికెట్, ఉద్యోగ దరఖాస్తు, అన్నిటికీ తొంభై మందికి ఆ ఒక్కటే దిక్కు. దాని దగ్గర పని కాకపోతే బజారులో నెట్ సెంటర్‌కు పోవాలి. ఒక్కో దరఖాస్తుకు 40 రూపాయలు.

14,000కు వచ్చే కొత్త కంప్యూటర్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మానిటర్, కీబోర్డు కలుపుకుని ఆ ధరలో దొరికేది రెండేళ్లకు మళ్లీ ఇదే స్థితికి వస్తుంది. పైగా తొంభై మందికి ఒక్కటే. అదే డబ్బుతో మూడు నడిస్తే వరుస మూడు పాయలవుతుంది. నేను చెప్పిన లెక్క ఇదే. ఎలా చేశామో, ఎక్కడ తప్పామో ఇక్కడ రాస్తాను. మీరు ఎప్పుడైనా సొంతంగా పాత కంప్యూటర్ గానీ ల్యాప్‌టాప్ గానీ కొనుక్కుంటే పనికొస్తుంది.

అసలు ఈ విద్య నాకు అబ్బింది ఒక బటన్ సెల్లు వల్ల. 2022లో నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆఖరు వారం. మన కంప్యూటర్‌లో ఆ సైటు తెరుచుకోవడం లేదు. ఏ సైటు కొట్టినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్ర గుర్తుతో ఒక పేజీ వస్తోంది. వైరస్ పట్టిందని ఒకడు, నెట్ బాగాలేదని ఒకడు, కంప్యూటర్ పని అయిపోయిందని ఒకడు. చివరికి అందరం నెట్ సెంటర్‌కు నడిచాం. రెండు రోజుల తర్వాత స్క్రీన్ కింది మూలన తేదీ చూశాను. 2012 జనవరి 1 అని ఉంది. సరిచేశాను. సైటు తెరుచుకుంది. మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే మళ్లీ 2012.

కారణం చాలా చిన్నది. కంప్యూటర్‌ను ఆపేసినా లోపల గడియారం నడుస్తూ ఉండాలి. అందుకోసం మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. అది అయిపోతే ప్లగ్గు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తన పుట్టినరోజుకు వెళ్లిపోతుంది. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. 2022లో ఇచ్చిన సర్టిఫికెట్‌ను 2012లో ఉన్నాననుకునే కంప్యూటర్ ఎలా నమ్ముతుంది? గడియారాల షాపులో 30 రూపాయలకు సెల్లు తెచ్చి వేశాను. అంతే. ఎంతమంది ఎన్ని 40 రూపాయలు కట్టారో లెక్క వేసుకుంటే ఇప్పటికీ బాధనిపిస్తుంది. ఆ రోజు నుంచి కంప్యూటర్ పనిచేయకపోతే ముందు జబ్బేమిటో చూడకుండా మందు కొనకూడదని నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకున్నాక కూడా ఒకసారి తప్పాను. అది ర్యామ్ దగ్గర చెప్తాను.

ఇక పాఠంలోకి వద్దాం.

మన మెస్సు వరుస మీకందరికీ తెలుసు. ప్లేటు పట్టుకుని నిలబడితే మొదట అన్నం, తర్వాత కూర, ఆ తర్వాత సాంబారు, చివర గుడ్డు. అన్నం దగ్గర ఇద్దరు వడ్డిస్తారు. సాంబారు దగ్గర ఒక్క గరిటె. వరుస ఎప్పుడూ సాంబారు దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు అన్నం దగ్గర మూడో మనిషిని పెట్టామనుకోండి. వరుస వేగం పెరుగుతుందా? పెరగదు. అన్నం పెట్టించుకున్నవాళ్లు సాంబారు ముందు ఇంకా గట్టిగా ఒకరి మీద ఒకరు పడతారు, అంతే. సాంబారు దగ్గర రెండో గరిటె వేస్తే వరుస కదులుతుంది.

కంప్యూటర్ కూడా వరుసే. ప్రాసెసర్ లెక్క చేస్తుంది. ఆ లెక్కకు కావలసిన సరుకు ర్యామ్ అందిస్తుంది. ర్యామ్‌కు హార్డ్‌డిస్క్ అందిస్తుంది. ఐబీఎంలో కంప్యూటర్లు రూపొందించిన జీన్ ఆమ్‌డాల్ అనే శాస్త్రవేత్త 1967లో ఈ సంగతిని లెక్కగా చెప్పాడు. మీలో ఎంసీఏ, బీటెక్ చదవబోయేవాళ్లకు ఆమ్‌డాల్ సూత్రం అని సిలబస్‌లోనే వస్తుంది. ఒక పనిలో ఏ భాగాన్ని వేగం చేసినా, మొత్తం సమయంలో ఆ భాగం వాటా ఎంతో అంతకు మించి లాభం రాదు అని దాని సారాంశం.

అంకెలు వేసి చూద్దాం. కంప్యూటర్ తెరిచి బ్రౌజర్ వచ్చేసరికి 100 సెకన్లు పడుతోందనుకోండి. అందులో 10 సెకన్లు ప్రాసెసర్ పని, 90 సెకన్లు హార్డ్‌డిస్క్ కోసం ఎదురుచూపు. రెట్టింపు వేగం గల ప్రాసెసర్ వేశారు. 10 కాస్తా 5 అయింది. మొత్తం 95. డబ్బంతా పోసి 5 సెకన్లు సంపాదించారు. అలా కాకుండా పాత ప్రాసెసర్‌ను అలాగే ఉంచి, ఆ 90ని 9 చేసే డిస్క్ వేశారు. మొత్తం 19. ఇందులో పెద్ద తెలివేమీ లేదు. కాకపోతే షాపుకు వెళ్లినప్పుడు ఇది మనకు గుర్తుండదు. "ప్రాసెసర్ ఐ5 వేయించు బ్రదర్" అంటే తల ఊపేస్తాం.

మరి వరుస ఎక్కడ ఆగుతోందో ఎలా తెలుస్తుంది? విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట ప్రాసెసర్, మెమరీ, డిస్క్ మూడింటికీ శాతాలు కనిపిస్తాయి. కంప్యూటర్ నత్తనడక నడుస్తున్న సమయంలోనే చూడాలి, బాగున్నప్పుడు కాదు. మన దాంట్లో నేను చూసినప్పుడు ప్రాసెసర్ 15 శాతం దగ్గర హాయిగా ఉంది. మెమరీ 90 దాటింది. డిస్క్ 100 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. జబ్బు దొరికినట్టే.

హార్డ్‌డిస్క్ ఎందుకు ఆలస్యమో తెలుసుకోవడం సరదాగా ఉంటుంది. దాని లోపల అద్దంలా మెరిసే పళ్లేలు తిరుగుతుంటాయి. డెస్క్‌టాప్‌లో సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు. అంటే సెకనుకు 120 సార్లు, ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు ఆగాలి. సూది ఆ వరుస మీదికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే సుమారు 13. అంటే అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు 75 కంటే ఎక్కువ తేలేదు. విండోస్ తెరుచుకునేటప్పుడు అడిగేవి సరిగ్గా అలాంటి ఫైళ్లే, వేల సంఖ్యలో. 13 మిల్లీసెకన్లంటే మనకు రెప్పపాటు కూడా కాదు. ప్రాసెసర్‌కు మాత్రం అది కోట్ల లెక్కలు చేయగలిగినంత కాలం. అంతసేపూ అది గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నట్టు చిప్పులే. ఏ మూలన ఉన్నది అడిగినా మిల్లీసెకనులో పదో వంతులోపే ఇచ్చేస్తుంది. అంటే సెకనుకు వేలల్లో. మన కంప్యూటర్లలో ఉన్నవి హెచ్61 అనే చిప్‌సెట్ బోర్డులు. వాటిలో సాటా పోర్టు పాత రకం, సెకనుకు 3 గిగాబిట్లు మాత్రమే. ఇప్పటి సాటా ఎస్‌ఎస్‌డీలు 6 గిగాబిట్ల వేగానికి తయారైనవి. కాబట్టి "మీ బోర్డులో సగం వేగమే వస్తుంది, దండగ" అని ఒక మిత్రుడు అన్నాడు. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు ఆ మాట నిజమే. కానీ మనకు కావలసింది చిన్న ఫైళ్లు త్వరగా అందడం. ఆ విషయంలో పాత పోర్టు అడ్డం రాదు. 13 ఎక్కడ, దానిలో పదోవంతులో పదోవంతు ఎక్కడ!

ఎస్‌ఎస్‌డీ బిగించడం స్క్రూడ్రైవర్ పట్టగలిగిన ఎవరికైనా వస్తుంది. సన్నని డేటా కేబుల్ ఒకటి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వెడల్పాటి పవర్ పిన్ను ఒకటి. తప్పువైపు పెడితే ఎక్కవు, ఎల్ ఆకారంలో గాడి ఉంటుంది. పాత క్యాబినెట్‌లో దానికి సరిపోయే అర ఉండదు. మేం రెండు స్క్రూలతో ఒక పక్కన బిగించాం. తిరిగే వస్తువు కాదు కాబట్టి కదిలినా ప్రమాదం లేదు. పాత హార్డ్‌డిస్క్‌ను పారేయలేదు. దాన్ని రెండో డిస్క్‌గా ఉంచి పాత ప్రశ్నపత్రాలు, వీడియో పాఠాలు అందులో పెట్టాం. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. డిస్క్‌ను ముట్టుకునే ముందే అందులో ఉన్న మీ సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ర్యామ్. నా తప్పు కూడా ఇక్కడే ఉంది.

ర్యామ్ అంటే చదువుకునే బల్ల అనుకోండి, హార్డ్‌డిస్క్ పెట్టె. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తెరవాలంటే ఇంకోదాన్ని మూసి పెట్టెలో పెట్టాలి. మళ్లీ అది కావాలంటే పెట్టె తెరవాలి. 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే జరిగేది అదే. విండోస్ ర్యామ్‌లో పట్టని వాటిని డిస్క్ మీద పేజ్‌ఫైల్ అనే చోట పెడుతూ, తీస్తూ ఉంటుంది. డిస్క్ 100 శాతం చూపించడానికి ర్యామ్ తక్కువ కావడం కూడా ఒక కారణమన్నమాట. ఒకచోట కనిపించే ఇరుకుకు మూలం ఇంకోచోట ఉండొచ్చు. మెస్సులో కూడా ఒక్కోసారి అంతే. సాంబారు దగ్గర ఆలస్యం గరిటె వల్ల కాదు, వంటగది నుంచి గిన్నె రాకపోవడం వల్ల.

2023లో, డిగ్రీ చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నేను మన కంప్యూటర్‌కు ర్యామ్ వేస్తానని స్నేహితుల ముందు మాట ఇచ్చాను. స్కాలర్‌షిప్ డబ్బులు అప్పుడే పడ్డాయి. డీడీఆర్3 కంటే డీడీఆర్4 వేగమైనదని క్లాసులో చదివాను కదా, కొనేటప్పుడు కొత్తదే కొనాలని డీడీఆర్4 రకం 4 జీబీ స్టిక్ ఒకటి కొన్నాను. 1,150 రూపాయలు. హాస్టల్‌కు వచ్చి, పదిమంది చుట్టూ నిలబడగా క్యాబినెట్ విప్పి స్లాట్‌లో పెట్టాను. దిగలేదు. ఇటు తిప్పి పెట్టాను. దిగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కబోతే నా రూమ్మేట్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆపకపోతే బోర్డు కూడా పోయేది.

ర్యామ్ స్టిక్ అడుగున బంగారు రంగు పళ్ల మధ్య ఒక గాడి ఉంటుంది. డీడీఆర్3కి ఒకచోట, డీడీఆర్4కి ఇంకోచోట, డీడీఆర్5కి మరోచోట. ఇది కావాలని పెట్టిన అడ్డు. డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. డీడీఆర్5కి కూడా 288 పిన్నులే గానీ ఒకదాని స్థానంలో ఒకటి పనిచేయదు. కొత్తది పాతదాంట్లో వేస్తే కాస్త తక్కువ వేగంతోనైనా నడుస్తుందేమో అనుకోవడానికి లేదు. అసలు ఎక్కదు. మీ బోర్డు ఏ రకమో అదే కొనాలి. ల్యాప్‌టాప్ స్టిక్ అయితే పొడవు ఇంకా తక్కువ, అది వేరే జాతి.

ప్యాకెట్ చింపాను కాబట్టి వెనక్కి తీసుకోలేమని షాపులో చెప్పారు. ఆ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు చెప్పాను. అమ్మ తిట్టలేదు. "ఎంతరా?" అని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టి "నాలుగు రోజుల నాట్లు" అంది. ఇంకేమీ అనలేదు. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ని నేనొక్కడినే. వాడికి అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. షాపుకు వెళ్లేముందు క్యాబినెట్ విప్పి, ఉన్న స్టిక్ బయటికి తీసి, దాని మీద అంటించిన కాగితం చదివి ఉంటే సరిపోయేది. రెండు నిమిషాల పని.

అందుకే ఈసారి పద్ధతిగా చేశాం. పాత స్టిక్‌ను కాగితంలో చుట్టి షాపుకు తీసుకెళ్లాం. మదర్‌బోర్డు మీద అచ్చువేసిన మోడల్ పేరుకు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. ఆ పేరుతో తయారీదారు సైటులో వెతికితే ఎన్ని స్లాట్లు, గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో ఉంటుంది. హెచ్61లో రెండు స్లాట్లు, 16 జీబీ వరకు. మేం 4 జీబీవి రెండేసి తీసుకున్నాం. ఒకే సైజువి రెండు వేస్తే ప్రాసెసర్ రెండు దారుల్లో సరుకు తెచ్చుకుంటుంది. డీడీఆర్3 ఇప్పుడు వాడినవే ఎక్కువగా దొరుకుతాయి. ర్యామ్ సాధారణంగా అరిగిపోయే వస్తువు కాదు కాబట్టి వాడినది కొనడానికి నేను వెనకాడను. షాపులోనే ఒక కంప్యూటర్‌లో పెట్టి చూపించమని మాత్రం అడగండి. వాడిన ఎస్‌ఎస్‌డీ మాత్రం కొనొద్దు. దానికి రాతల లెక్క ఉంటుంది, ఎంత మిగిలి ఉందో అమ్మేవాడు చెప్పడు.

ర్యామ్ పెంచినా ఫలితం కనిపించని సందర్భం ఒకటుంది. విండోస్ 32 బిట్ది అయితే అది 32 అంకెల చిరునామాలే రాయగలదు. 2ను 32 సార్లు హెచ్చిస్తే 4,294,967,296. అంటే 4 జీబీ. అందులోనూ కొంత భాగం ఇతర పరికరాలకు పోయి, 3, 3.5 జీబీ మాత్రమే వాడకానికి మిగులుతుంది. 8 జీబీ వేసి 32 బిట్ విండోస్ ఉంచుకుంటే సగానికి పైగా ర్యామ్ ఊరికే పడి ఉంటుంది. మన మూడింటిలో రెండు అలాగే ఉన్నాయి. 64 బిట్ది కొత్తగా వేయాల్సి వచ్చింది.

ప్రాసెసర్ జోలికి మేం పోలేదు. మన బోర్డులో సాకెట్ పేరు ఎల్‌జీఏ 1155. 2011, 2012లలో వచ్చిన ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు తప్ప మరేవీ కూర్చోవు. 2013లో వచ్చిన నాలుగో తరానికే సాకెట్ మారిపోయింది. మూడో తరంది వేయాలన్నా బోర్డు లోపలి బయోస్‌ను అప్‌డేట్ చేయాల్సి రావొచ్చు. ఆ సమయంలో కరెంటు పోతే బోర్డే పోతుంది. మన ఊళ్లో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు మనకు అవసరం లేదు. ఆటలు ఆడుకుందామని ఎవరైనా తమ్ముడు ఆశపడితే, ముందు ఎస్‌ఎంపీఎస్ ఆ భారం మోస్తుందో లేదో చూసుకోవాలి. చవక ఎస్‌ఎంపీఎస్‌ల మీద అచ్చువేసిన వాట్ల అంకెను నేను నమ్మను.

విప్పేటప్పుడు జాగ్రత్తలు రెండే. ప్లగ్గు పూర్తిగా తీసేసి, ఆ తర్వాత పవర్ బటన్ ఒకసారి నొక్కితే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని, అప్పుడు బోర్డు మీద చెయ్యి పెట్టండి. ఒంటి మీది స్థిర విద్యుత్తు మనకు తెలియదు గానీ చిప్పుకు తెలుస్తుంది. స్విచ్ వేస్తే బీప్ బీప్ అని మోగి తెర రాకపోతే భయపడకండి. చాలాసార్లు ర్యామ్ పళ్లకు పట్టిన మురికే కారణం. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. ఫ్యాన్ మీది దుమ్ము పెయింట్ బ్రష్షుతో తీయండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మేం ఒక క్యాబినెట్ విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలు కనిపించలేదు. తీసిన దుమ్ముతో చిన్న దిండు కుట్టొచ్చు.

దసరా సెలవుల్లో మూడు రోజులు కూర్చున్నాం, నేనూ నలుగురు తమ్ముళ్లూ. మూడో కంప్యూటర్ విప్పగానే బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి, పైన పగిలి కనిపించాయి. ఏం చేసినా అది లేవలేదు. సభలో మూడు అని గట్టిగా చెప్పినవాణ్ని నేనే. మాట ఇచ్చేముందు మూడింటినీ విప్పి చూడాల్సింది, చూడలేదు. అన్నలకు ఫోన్ చేసి రెండే అయ్యాయని చెప్పడానికి నాకు ఒక రోజు పట్టింది. దాని కోసం కొన్న ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బిల్లు ఉండబట్టి షాపువాళ్లు వెనక్కి తీసుకున్నారు. దాని ఎస్‌ఎంపీఎస్, కేబుళ్లు, ఫ్యాన్ విడిభాగాలుగా దాచాం. మిగిలిన డబ్బుతో కరెంటు పోతే పది నిమిషాలు ఆదుకునే యూపీఎస్ ఒకటి కొన్నాం.

ఆ రెండింటి సంగతి: ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్‌లో పేజీ తెరుచుకునే వరకు ముందు 4 నిమిషాల 10 సెకన్లు. తర్వాత 38 సెకన్లు. ప్రాసెసర్ అదే, బోర్డు అదే, మానిటర్ అదే.

సాఫ్ట్‌వేర్ గురించి కూడా చెప్పాలి. విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం. మన రెండో తరం వాటికి అర్హత లేదు. మంచి స్థితిలో ఉన్న కంప్యూటర్లు కూడా ఈ కారణంగానే చాలాచోట్ల మూలన పడుతున్నాయి. మేం ఒకదాంట్లో లైనక్స్ మింట్ వేశాం. డబ్బు కట్టక్కర్లేదు, అప్‌డేట్లు వస్తాయి, బ్రౌజర్ ఉంటుంది, లిబ్రే ఆఫీస్ ఉంటుంది, సీ, జావా, పైథాన్ ప్రోగ్రాములు చక్కగా నడుస్తాయి, తెలుగు టైపింగ్ ఉంది. మొదటి వారం తమ్ముళ్లు "స్టార్ట్ బటన్ ఎక్కడన్నా?" అని గొణిగారు. రెండో వారానికి అడగడం మానేశారు. బీకాం తమ్ముళ్లకు ట్యాలీ కావాలి, అది విండోస్ మీదే నడుస్తుంది. అందుకని రెండోదాంట్లో విండోస్ 10 ఉంచి నెట్ వైరు తీసేశాం. దరఖాస్తులన్నీ లైనక్స్ దాని మీదే. దాంతో వరుస మళ్లీ ఒక్కటే అయిందని మీరు అనొచ్చు, నిజమే. కానీ ప్రాక్టీసు చేసేవాళ్లు రెండోదానికి వెళ్లిపోవడంతో దరఖాస్తులవాళ్లకు జాగా దొరికింది. ఈసారి రెన్యువల్‌కు నెట్ సెంటర్‌కు ఎవరూ వెళ్లలేదని వార్డెన్ సార్ చెప్పారు.

ఇప్పుడు కొనబోయేవాళ్లకు ఒక సంగతి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు కావాలి. తయారీ కంపెనీలు అటే మొగ్గు చూపుతుండడంతో మనలాంటివాళ్లు కొనే స్టిక్కులకు కొరత వచ్చింది. ఎస్‌ఎస్‌డీ ధరల మీద కూడా ఆ ప్రభావం పడింది. మేం సెలవుల్లో కొనడం అదృష్టమే. కాబట్టి ఫోన్‌లో పాత ధర చూసుకుని షాపుకు వెళ్లకండి. వీలైతే రెండు మూడు చోట్ల అడగండి. హైదరాబాద్ వెళ్లేవాళ్లుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అక్కడ పక్కపక్కనే షాపులు కాబట్టి ధర పోల్చుకోవడం సులువు. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. బిల్లు విలువ ఏమిటో పైన చదివారు.

నేను 2023లో కొన్న ఆ డీడీఆర్4 స్టిక్‌ను ఇంతకాలం పెట్టెలో బట్టల కింద దాచాను. ఇప్పుడు కంప్యూటర్ గది అల్మారాలో, పనికిరాని డీడీఆర్3 స్టిక్ ఒకటి దాని పక్కన పెట్టి ఉంచాను. రెండింటినీ చేతిలోకి తీసుకుని గాడులు ఎక్కడున్నాయో పోల్చి చూడండి. ఆ డీడీఆర్4 బాగానే పనిచేస్తుంది. తమ్ముళ్లలో ఎవరికైనా డీడీఆర్4 బోర్డు ఉన్న డెస్క్‌టాప్ దొరికితే వార్డెన్ సార్‌కు చెప్పి తీసుకోండి, డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. తీసుకునేముందు మాత్రం క్యాబినెట్ విప్పి చూసి రండి.